స్వాగతపు బుట్టలో కవరు

డాక్టర్ క్రీజర్ వయసు మీదపడి, క్లినిక్‌కి శాశ్వతంగా తాళం వేసి విశ్రాంతి తీసుకోవడానికి వెళ్ళిపోయిన ఆరు నెలలకి నా చేతిలో మిగిలినవి ఇవి. రేవు పక్కన తాళ్ళూ మేకులూ పడవల రంగులూ అమ్మే కొట్టు. కొత్త డాక్టర్ని వెతికే కమిటీకి అధ్యక్షురాలైన వదిన, హేజెల్. డాక్టరు కోసం కాచుకున్న వాళ్ళ జాబితాలో నా భార్య వెర్నా పేరు, రెండువేల మూడువందల పన్నెండో నంబరు. ఇంకొకటి, వంటింటి సొరుగులో ఒక కవరు. అందులో వెర్నా గుండె స్కాన్ రిపోర్టు.

గురువారం దాకా ఈ నాలుగూ భద్రంగానే ఉన్నాయి. శుక్రవారం పొద్దున సొరుగులో కవరు లేదు.

"ఎల్వుడ్," అంది వెర్నా. సొరుగు పూర్తిగా బయటికి లాగి బల్ల మీద పెట్టింది. "కవరేది?"

నేను రొట్టెకి వెన్న రాసుకుంటున్నాను. రెండో వైపు కూడా రాశాను.

"రెండు వైపులా వెన్న రాస్తున్నావంటే తీసింది నువ్వే. ఎక్కడ పెట్టావు?"

"భద్రంగానే ఉంది."

"ఎక్కడ అని అడిగాను."

"బుట్టలో."

మా టానర్స్ కోవ్‌కి ఎవరైనా డాక్టరు ఊరు చూసుకోవడానికి వస్తే, బస చేసే గదిలో ఒక స్వాగతపు బుట్ట పెడతాం. బ్లూబెర్రీ జాము, ఊలు చేతితొడుగులు, పొగబెట్టిన చేప, ఊరి పిల్లలు గీసిన బొమ్మలు. ఈసారి చేతితొడుగులు అల్లింది వెర్నాయే. వాటి కింద ఆమె కవరు దూర్చింది నేను.

వెర్నా కుర్చీలో కూర్చుంది.

"ఇరవై ఆరేళ్ళు డాక్టర్ క్రీజర్ బల్ల దగ్గర కూర్చున్నాను," అంది. "కాలు విరిగి వచ్చిన వాడికీ, ముక్కు కారుతూ వచ్చిన వాడికీ ఒకటే మాట చెప్పాను. కూర్చోండి, మీ వంతు రానివ్వండి అని. మా అమ్మకి కూడా అదే చెప్పాను. ఇప్పుడు నా కాగితాలు జాము సీసా పక్కన పెట్టి దొడ్డిదారిన పంపుతావా?"

"వంతు రావాలంటే నీ ముందు రెండువేల మూడువందల పదకొండు మంది ఉన్నారు."

"ఉండనీ."

"క్లినిక్ ఆఖరి రోజు అందరి పేర్లూ రాసి, నీ పేరు చివర రాసుకున్నావు. అంత మంచితనం ఏ కొట్టులోనూ చెల్లదు వెర్నా."

"నేను కొట్టు పెట్టలేదు."

ఆ రిపోర్టు రెండు పేజీలు. మేమిద్దరం నాలుగుసార్లు చదివాం. మాకు అర్థమైనవి రెండే: వెర్నా పేరు, 'మోడరేట్' అన్న మాట. ఏది మోడరేటో, అది ఉండాల్సిన దానికంటే ఎక్కువో తక్కువో తెలియలేదు. ఫోన్లో దొరికే డాక్టరుకి చదివి వినిపించాం. "దీన్ని మీ ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించండి," అన్నాడు. యాభై నిమిషాలు కారులో పోయి ఎమర్జెన్సీలో తొమ్మిది గంటలు కూర్చున్నాం. "ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. ఫ్యామిలీ డాక్టర్ని చూడండి," అన్నారు. మా దగ్గర ఒక డాక్టరు తన మనిషిగా చేర్చుకుంటే తప్ప వరసగా చూసేవాళ్ళు ఉండరు. ఆ డాక్టర్నే కదా వెతుకుతున్నాం!

వెర్నా లేచి మేడ మెట్లెక్కింది. నాలుగో మెట్టు దగ్గర ఆగింది. క్రిందటేడు ఆగేది కాదు. మెట్ల కమ్మీ పట్టుకుని, నేను చూస్తున్నానని తెలిసి, గోడ మీది పటం సరిచేస్తున్నట్టు నటించింది.

"వెళ్ళి తెచ్చిపెట్టు," అంది అక్కడి నుంచే. "తెచ్చిందాకా నాతో మాట్లాడకు."

*

వదిన చర్చి హాల్లో కుర్చీలు వేయిస్తోంది. వెర్నా కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఊళ్ళో ఎవరితోనూ గొంతు ఎత్తి మాట్లాడాల్సిన అవసరం లేని మనిషి. ఎత్తకముందే అందరూ వింటారు.

"బుట్ట ఇక్కడే ఉందా హేజెల్?"

"పొద్దున్నే గదిలో పెట్టించేశాను. డాక్టర్ సొలాంజ్ మ్యూస్ పదకొండింటికి వస్తోంది. ఏం, అందులో ఏమైనా మరిచావా?"

"చేప సరిగ్గా చుట్టానో లేదో అని."

ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "నలభై ఏళ్ళుగా సరుకు చుడుతున్నవాడివి. చేప దగ్గర అనుమానం వచ్చిందా?"

గోడ మీద కమిటీ నియమాల కాగితం కొత్తగా అంటించి ఉంది. నాలుగో నియమం కింద ఎర్ర గీత.

దాని వెనక కథ ఊరందరికీ తెలిసిందే. క్రిందటి అక్టోబరులో ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. విందులో అతని పళ్ళెం నిండకముందే మనుషులు లేచి అతని దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకాయన చొక్కా పైకెత్తి పుట్టుమచ్చ చూపించాడు. ఒకామె సూపు గిన్నె పక్కన తన మందు సీసాలు పదకొండు వరసగా పేర్చింది. మొత్తం పంతొమ్మిది మంది. మర్నాడు తెల్లవారేసరికి అతని కారు లేదు. గుడ్లూ రొట్టె వండిపెట్టిన ఇంటావిడకి చీటీ రాసి వెళ్ళాడు, 'క్షమించండి' అని.

అందుకే నాలుగో నియమం: వచ్చిన డాక్టరుకి ఎవరూ జబ్బు చెప్పకూడదు. చెప్పిన వాళ్ళ కుటుంబం పేరు జాబితా నుంచి తీసేస్తారు.

"నా సొంత చెల్లెలైనా కొట్టేస్తాను," అంది వదిన, నేను ఆ కాగితం చూడడం చూసి.

"ఆమె ఇప్పటికే చివర ఉంది."

"చివర ఉండడం వేరు, లేకపోవడం వేరు. ఇంకో మాట. డాక్టరు ఎవరినైనా అడిగితే, డాక్టరు లేని వాళ్ళు తొమ్మిది వందల మంది అని చెప్పాలి."

"తొమ్మిది వందలా?"

"సర్కారు కాగితంలో ఉన్నది అంతే. మిగతా వాళ్ళు అక్కడ పేరివ్వడం మానేస్తే నేనేం చెయ్యను? అబద్ధం చెప్పమనడం లేదు ఎల్వుడ్. కాగితంలో ఉన్నది చెప్పమంటున్నాను. రెండువేల మూడువందలు అంటే ఏ డాక్టరూ కారు కూడా ఆపదు."

నలభై ఏళ్ళు కొట్టు నడిపినవాణ్ణి. పెట్టెలో మంచి పళ్ళు పైన పేర్చడం నాకు తెలియని విద్య కాదు. తలూపి వచ్చేశాను. బస దగ్గరికి వెళ్ళేసరికి డాక్టరు కారు అప్పటికే వాకిట్లో ఉంది.

*

ఆ సాయంత్రం ఆరింటికి విందు. నా జన్మలో ఊరంతా అంత ఆరోగ్యంగా ఉండగా చూడలేదు.

కీళ్ళ వాతంతో వేళ్ళు ముడుచుకుపోయిన లీమన్ తన రెండు చేతులూ బల్ల కింద దాచుకుని, భార్య చేత తినిపించుకోలేక, సూపు చల్లారిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. దగ్గొచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్ళి, గోడ పక్కన దగ్గి, నవ్వుతూ లోపలికి వచ్చారు. డాక్టరు కిటికీకి దగ్గరలో కూర్చుంది. ఆమెకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

ముప్పై నాలుగేళ్ళు ఉంటాయేమో. పొట్టిగా, జుట్టు వెనక్కి ముడేసుకుని ఉంది. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళలో పుట్టిన పిల్ల. రొయ్యను చేత్తో విరిచిన తీరు చూస్తేనే సముద్రం ఒడ్డున పెరిగిందని తెలిసింది.

"ఈ ఊళ్ళో జబ్బులే లేనట్టున్నాయి," అంది నవ్వుతూ.

"గాలి మంచిది," అంది వదిన.

"అయితే నేనెందుకు?"

అందరూ నవ్వారు. లీమన్ అందరికంటే గట్టిగా నవ్వాడు, చేతులు మాత్రం బయటికి తియ్యలేదు.

వెర్నా టీ పోస్తూ తిరిగింది. నా కప్పు దగ్గరికి వచ్చినప్పుడు సగమే పోసి వెళ్ళిపోయింది. డాక్టరు కప్పు నింపేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు, "చేతితొడుగులు మీరు అల్లినవేనట. సరిగ్గా సరిపోయాయి," అంది.

వెర్నా ముఖం ఎర్రబడింది. అంటే డాక్టరు తొడుగులు బయటికి తీసింది. తీస్తే కింద ఉన్నదీ చూసింది.

*

శనివారం తొమ్మిదింటికి కొట్టు గంట మోగింది. డాక్టర్ మ్యూస్ ఒక్కతే వచ్చింది. తలుపుకి వేసే కొక్కెం ఒకటి అడిగింది. చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలోంచి కవరు తీసి కొక్కెం పక్కన పెట్టింది.

"ఇది మీది అనుకుంటాను. కవరు మీద ఇంటిపేరు కొట్టు బోర్డు మీద కూడా ఉంది."

"చదివారా?"

"లేదు."

"రెండు పేజీలే డాక్టరుగారూ."

"రెండు పేజీలే. చదివిన క్షణం నుంచి ఆ మనిషి బాధ్యత నాది. బాధ్యత తీసుకుని రేపు పొద్దున కారెక్కి వెళ్ళిపోతే ఆమెకి నేను చేసేది మేలు కాదు, అన్యాయం." ఆమె గొంతులో కోపం లేదు. "పెట్టింది మీరే కదా? ఆమె కాదు."

"ఆమెకి తెలిస్తే పెట్టనిచ్చేది కాదు. తెలిసిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు."

"ఆమెకి ఎలా ఉంది?"

నాలుగో నియమం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. డాక్టరు ఒక క్షణం చూసి, నవ్వింది.

"సరే. అది వద్దు. మీరు వ్యాపారం చేసే మనిషి, అందుకని మిమ్మల్నే ఒకటి అడుగుతాను. ఈ ఊళ్ళో డాక్టరు లేని వాళ్ళు నిజంగా ఎంతమంది?"

గల్లా బల్లకి అటు ఆమె, ఇటు నేను. బేరంలో ఇలాంటి ఘడియ ఎప్పుడో ఒకసారి వస్తుంది. తొమ్మిది వందలంటే ఆమె సంతకం పెడుతుంది. పెడితే వెర్నా రిపోర్టు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చదివే మనిషి ఊళ్ళో ఉంటుంది. నిజం చెబితే, వచ్చిన దారినే వెళ్ళవచ్చు.

కానీ తూకం తక్కువిచ్చిన సరుకు ఎప్పుడూ తిరిగి వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. పాతికేళ్ళ క్రితం పాత తాడు కొత్తదని అమ్మాను. వారం తిరక్కుండా ఆ తాడు తెగి ఒకాయన వలబుట్టలన్నీ సముద్రం పాలయ్యాయి. ఆయన నన్నేమీ అనలేదు. మళ్ళీ కొట్టుకి రాలేదు, అంతే. డాక్టరు అలా వెళ్ళిపోతే ఇంకొక డాక్టరు రాడు.

"సర్కారు కాగితంలో తొమ్మిది వందలు," అన్నాను. "మా ఊరి జాబితాలో నా భార్య నంబరు రెండువేల మూడువందల పన్నెండు. ఆమె వెనక ఎవరూ లేరు."

బయట పడవ ఇంజను ఏదో మొదలై ఆగిపోయింది.

"ఆ జాబితా ఎవరు రాశారు?"

"ఆమే. క్రీజర్ గారి దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ప్రతి ఫైలూ పెట్టెల్లో సర్దింది తనే. పేరు చెబితే వాళ్ళ తాతకి ఏ జబ్బుందో కూడా చెబుతుంది. చెప్పమంటే చెప్పదు, అది వేరే సంగతి."

"కొక్కెం ఎంత?" అంది డాక్టరు.

చెప్పాను. ఇచ్చి, వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి కవరు వెర్నా ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.

"రెండువేల మూడువందలు అని చెప్పావా?"

"పన్నెండు కూడా చెప్పాను."

"హేజెల్ నిన్ను రేవులో ముంచుతుంది."

"కాయితాలు చదవలేదు డాక్టరు. చదవనంది."

"చదివి ఉంటే ఆమె మీద నాకు గౌరవం పోయేది," అంది వెర్నా. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వడం మొదలుపెట్టింది. "లీమన్ సూపు చూశావా? చివరికి కుక్కకి పోశారు."

నిన్న పొద్దుట్నుంచీ అదే ఆమె మొదటి నవ్వు. ఊపిరి చాలక మధ్యలో ఆగింది. నేను కళ్ళు తిప్పుకున్నాను.

అప్పుడే వదిన తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. వెనక డాక్టర్ మ్యూస్.

"నీ నోటికి తాళం వెయ్యడానికి మీ కొట్లో తాళమే దొరకలేదా ఎల్వుడ్?" అంది వదిన.

"కూర్చో హేజెల్," అంది వెర్నా. "మీరూ కూర్చోండి డాక్టర్. టీ పెడతాను."

"ఆయన్ని తిట్టకండి," అంది డాక్టరు. "ఇంతకు ముందు నేను చూసిన రెండు ఊళ్ళలో ఎవరూ నాకు అసలు లెక్క చెప్పలేదు. నేనే తర్వాత తెలుసుకుని వద్దన్నాను. ఇక్కడ చెప్పారు. అందుకని ఇంకా వెళ్ళలేదు."

వదిన కుర్చీ లాక్కుంది. కోపం ముఖం మీద అలాగే ఉంది, దాని కింద ఆశ కదులుతోంది.

"సెప్టెంబరు నుంచి వస్తాను. వారానికి నాలుగు రోజులు. మొదటి ఏడాది పదకొండు వందల మందినే తీసుకోగలను. మీ జాబితా వరసలో కాదు. జబ్బు ముదిరిన వాళ్ళు ముందు. అయితే ఎవరిది ముదిరిందో నాకు తెలియదు. విందులో ఎవరూ చెప్పలేదు కదా." వదిన వైపు చూసి, వెర్నా వైపు తిరిగింది. "తెలిసిన మనిషి మీరు ఒక్కరే. మీరు బల్ల దగ్గర కూర్చుంటేనే నేను వస్తాను."

కెటిల్ పట్టుకున్న వెర్నా దాన్ని పొయ్యి మీద పెట్టడం మరిచిపోయింది.

"జబ్బు ముదిరిన వాళ్ళు ముందైతే," అన్నాను నేను, "వెర్నా మొదటి వరసలోనే ఉంటుందిగా!"

డాక్టరు తల అడ్డంగా ఊపింది.

"నా దగ్గర జీతానికి పనిచేసే వాళ్ళకి నేను వైద్యం చెయ్యను. అది నా నియమం. యజమానికి జబ్బు చెప్పుకోవడానికి మనిషి సిగ్గుపడుతుంది, దాచుకుంటుంది. డాక్టర్ క్రీజర్ గారి కాలం వేరు."

"అయితే ఆమె ఆ కుర్చీలో కూర్చోదు," అన్నాను. లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది. "ఇంకెవరినైనా చూసుకోండి. ఊరికి డాక్టరు కోసం నా ఇంట్లో మనిషిని ఇవ్వను."

"ఎల్వుడ్," అంది వదిన మెల్లగా. అంత మెల్లగా ఆమె మాట్లాడగా నేను వినలేదు. "కూర్చో. అది దాని ఇష్టం. నేను కూడా ఏమీ అనను."

నిజంగానే ఏమీ అనలేదు. ఊరంతటి కోసం ఆరు నెలలుగా కాళ్ళరిగేలా తిరిగిన మనిషి, చెల్లెలి ముఖం చూసి నోరు మెదపలేదు.

వెర్నా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరిగిందాకా మాకు వీపు చూపించి నిలబడింది.

"ఫోన్లు ఎన్ని ఉంటాయి?" అంది అటు తిరిగే.

"రెండు అనుకుంటున్నాను," అంది డాక్టరు.

"మూడు కావాలి. ఒకటి మందుల షాపు వాళ్ళకి. లేకపోతే సోమవారాలు నరకం." ఇటు తిరిగింది. "నేను ఒప్పుకోలేదు. సోమవారం చెబుతాను. అందరూ ఈ టీ తాగండి."

వెళ్ళేటప్పుడు డాక్టరు గుమ్మం దగ్గర నా పక్కన ఆగింది.

"బ్రిడ్జ్‌వాటర్ ఊళ్ళో నాతో చదువుకున్న డాక్టరు ఒకామె ఉంది. ఆమె దగ్గర కూడా నిండిపోయారు. కానీ ఆమె దగ్గర పనిచేసే అమ్మాయికీ ఇదే ఇబ్బంది. ఆ అమ్మాయిని నేను చూస్తానంటే, మీ భార్యను ఆమె చూడవచ్చు. మాట ఇవ్వలేను. అడిగి చూస్తాను."

ఆమె కారు మలుపు తిరిగిందాకా వాకిట్లో నిలబడి లెక్క చూసుకున్నాను.

ఊరికి ఒక డాక్టరు, సోమవారం దాకా ఖాయం కాని బేరం. పదకొండు వందల మందికి తెరిచిన తలుపు, అందులో ఎవరు ముందు వెళ్ళాలో చెప్పాల్సిన వెర్నాకి మాత్రం ప్రవేశం లేదు. ఒకటిన్నర రోజుల మౌనం పోయి, నా భార్య నాతో మాట్లాడింది. చివరికి వెర్నా కోసం, ఆమె గుండె కోసం నేను సంపాదించింది ఒక్కటే: "అడిగి చూస్తాను" అన్న మాట.

కొట్లో గిరాకీ ఎవరైనా ఆ మాట అని వెళ్ళిపోతే, నేను ఆ మనిషిని అప్పుడే మరిచిపోతాను. ఈ ఒక్కసారి, చేతికొచ్చిన వాటిలోనే కలుపుకున్నాను.